ఉప్పు అంతే, నీళ్లే వేరు



ఈ చిరుపుస్తకం చదవడం మొదలుపెట్టే ముందు వీలైతే వంటింట్లోకి వెళ్లి ఒక చిన్న పని చేయండి. గ్లాసులో 200 మిల్లీలీటర్ల మంచినీళ్లు పోసి, రెండు టీస్పూన్ల ఉప్పు, అంటే సుమారు 10 గ్రాములు, వేసి బాగా కలపండి. ఒక్క చుక్క నాలుక మీద వేసుకోండి. నోట్లో పెట్టుకోలేరు. లెక్క కడితే అది లీటరుకు 50 గ్రాముల చొప్పున ఉప్పు. సముద్రపు నీటిలో ఉండేది లీటరుకు సుమారు 35 గ్రాములే. అంటే మీ గ్లాసు సముద్రం కన్నా ఉప్పన.

అవే గ్లాసుడు నీళ్లను 20 లీటర్ల క్యాన్‌లో పోశారనుకోండి. లీటరుకు సుమారు అర గ్రాము అవుతుంది. శ్రద్ధగా చూస్తే కొంచెం తేడా తెలుస్తుందేమో. మేడ మీది 1000 లీటర్ల ట్యాంకులో పోస్తే లీటరుకు 10 మిల్లీగ్రాములు. ఇక ఏ నాలుకకీ అందదు.

మరి ఉప్పు ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. మీరు వేసిన 10 గ్రాములూ అక్కడే ఉన్నాయి, ఒక్క పలుకు కూడా తగ్గలేదు. మారింది ఉప్పు కాదు, నీళ్లు. బడిలో దీన్నే గాఢత అంటారు. ద్రావణంలో ద్రావితం ఎంత ఉంది అని మాత్రమే అడిగితే సరిపోదు. ఎన్ని నీళ్లలో అంత ఉంది అని కూడా అడగాలి. రెండూ కలిస్తేనే గాఢత.

ఇలాంటిదే ఇంకో ప్రయోగం తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకంలో ఏళ్ల తరబడి పిల్లలు చేస్తూ వచ్చారు. మీలో చాలామంది చేసే ఉంటారు. 100 మిల్లీలీటర్ల నీటిలో రెండు మూడు పొటాషియం పర్మాంగనేట్ పలుకులు వేస్తే నీళ్లు ముదురు ఊదా రంగుకు తిరుగుతాయి. అందులోంచి 10 మిల్లీలీటర్లు తీసి 90 మిల్లీలీటర్ల మంచినీటిలో కలపాలి. మళ్లీ దాంట్లోంచి 10 తీసి ఇంకో 90లో కలపాలి. ఒక్కో మెట్టుకు గాఢత పదో వంతుకు పడిపోతుంది. మూడు మెట్లు దిగేసరికి వెయ్యో వంతు, ఐదు మెట్లకు లక్షో వంతు. ఊదా రంగు గులాబీ అవుతుంది, గులాబీ వెలిసిపోతుంది, చివరికి మంచినీళ్ల లాగే కనిపిస్తుంది. ఏ గ్లాసు దగ్గర రంగు మాయమవుతుందనేది మొదట ఎన్ని పలుకులు వేశామన్న దాన్ని బట్టి ఉంటుంది. కానీ రంగు పోయిన గ్లాసులోనూ ఆ పదార్థపు కణాలు కోట్ల సంఖ్యలో తిరుగుతూనే ఉంటాయి. మన కంటికి అందవు, అంతే.

రెండు ప్రయోగాలు, రెండు పాఠాలు. ఒకటి: అదే ఉప్పు, నీళ్లను బట్టి వేరే రుచి ఇస్తుంది. రెండు: కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. మొదటిది మనకు ఓదార్పు, రెండోది హెచ్చరిక. చేసిన తప్పు గురించి ఆలోచించేటప్పుడు ఈ రెండూ కావాలి. ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేస్తే దారి తప్పుతాం.

బుద్ధ భగవానుడు మొదటి పాఠాన్ని సరిగ్గా ఉప్పుతోనే చెప్పాడు. అంగుత్తర నికాయం తిక నిపాతంలో లోణఫల సుత్తం అని ఒకటుంది. లోణం అంటే ఉప్పే. అక్కడ భగవానుడు భిక్ఖువులను అడుగుతాడు: ఒకడు ఉప్పుగడ్డను చిన్న గిన్నెడు నీళ్లలో వేస్తే ఆ నీళ్లు తాగగలమా? తాగలేం. అదే గడ్డను గంగానదిలో వేస్తే గంగ ఉప్పనవుతుందా? కాదు. అలాగే చిన్నపాటి అకుశల కర్మ ఒకడిని నరకం దాకా ఈడ్చుకుపోతుంది. అంతే చిన్న కర్మ ఇంకొకడికి ఇక్కడే, ఈ జన్మలోనే కాస్త అనుభవించి తీరిపోతుంది. ఎవరు ఆ గిన్నె? శీలాన్ని, చిత్తాన్ని, ప్రజ్ఞను పెంచుకోని మనిషి. ఎవరు ఆ గంగ? వాటిని పెంచుకుని, కొలతలు లేని మనసుతో జీవించే మనిషి.

ఈ మాట ఎందుకు చెప్పవలసి వచ్చిందో కూడా ఆ సుత్తం మొదట్లోనే ఉంది. మనిషి ఏ కర్మ ఎలా చేస్తే అచ్చం అలాగే, అంతే కొలతతో అనుభవించి తీరాలి అనేది నిజమైతే, ఇక ధమ్మ జీవనానికి చోటే ఉండదు. దుఃఖానికి అంతం పలకడానికి వీలే ఉండదు. ఎందుకంటే అప్పుడు మారినా ఒకటే, మారకపోయినా ఒకటే. పదేళ్లు తాగి, భార్యని కొట్టి, చివరికి ఆ సీసా పక్కన పెట్టిన మనిషికి "నువ్వు చేసింది చేశావు, ఇక నీ రాత ఇంతే" అని చెప్పామనుకోండి. వాడు ఆ సాయంత్రమే మళ్లీ సీసా అందుకుంటాడు. తప్పించుకునే దారి లేదని నమ్మినవాడికి మంచిగా ఉండడానికి కారణం ఏం మిగులుతుంది? కర్మ అంటే తలరాత అనుకునేవాళ్లు బుద్ధుని మాట కాదు, దానికి ఎదురు మాట చెబుతున్నారు.

ఇక్కడ మీకో అనుమానం రావాలి. అదే సుత్తంలో ఇంకో పోలిక ఉంది. అర కహాపణం కాజేసిన పేదవాడిని ఖైదులో వేస్తారు. అంతే కాజేసిన డబ్బున్నవాడిని వేయరు. "అయితే భగవానుడు ఉన్నవాళ్ల పక్షమా?" అని ఎవరైనా అడిగితే తప్పేం లేదు. ఆయన అక్కడ చెబుతున్నది లోకంలో జరిగేది, జరగవలసింది కాదు. ఆ రోజుల్లోనూ న్యాయం డబ్బు ముఖం చూసేది. వినేవాళ్లకు బాగా తెలిసిన ఆ సంగతిని ఆసరాగా తీసుకుని, ఆయన మాట్లాడేది ఇంకో రకం కలిమి గురించి. ఆ కలిమికి పుట్టుక అడ్డం కాదు, ఆస్తి అక్కర్లేదు. వాడిపోయిన పూలు ఊడ్చి బతికిన సునీతుడు సంఘంలో చేరి అర్హంతుడయ్యాడని థేరగాథ చెబుతుంది. ఊరు అతన్ని గిన్నెగా కూడా లెక్కపెట్టలేదు. అతను గంగ అయ్యాడు.

ఇంకొక జాగ్రత్త. గాఢత పాఠం తెలిసింది గదా అని పక్కవాడి గ్లాసులోకి తొంగి చూసి "ఇది వీడి ఉప్పే, పోయిన జన్మలో వేసుకున్నది" అని తీర్పు చెప్పకూడదు. మోళియసీవకుడనే పరివ్రాజకుడు ఒకసారి భగవానుణ్ణి ఇదే అడిగాడు. మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ వల్లనే అంటారు కొందరు, మీరేమంటారు అని. భగవానుడు ఒప్పుకోలేదు. పిత్తం వల్ల, శ్లేష్మం వల్ల, వాతం వల్ల, ఋతువు మారడం వల్ల, ఒంటిని సరిగా చూసుకోకపోవడం వల్ల, ఎవరో దెబ్బ తీయడం వల్ల కూడా బాధలు కలుగుతాయని విడివిడిగా లెక్కపెట్టి చెప్పాడు. కర్మ ఫలం వాటిలో ఒకటి మాత్రమే. పేదవాడి గ్లాసులో ఉప్పు చాలాసార్లు ఇంకొకరు వేసినది. దాన్ని వాడి కర్మ అనేయడం, ఉప్పు వేసిన చేతిని దాచిపెట్టడమే. పేదరికానికి పూర్వజన్మను సాకుగా చూపే సిద్ధాంతాన్ని డాక్టర్ అంబేడ్కర్ 1957లో వెలువడిన బుద్ధుడు–ఆయన ధమ్మం గ్రంథంలో అంత గట్టిగా తోసిపుచ్చడానికి కారణం ఇదే.

సరే, ఇది ఓదార్పు వైపు. ఇప్పుడు హెచ్చరిక వైపు చూద్దాం. మనం ఎక్కువగా జారేది ఇక్కడే.

నీళ్లు కలిపితే ఉప్పు రుచి తగ్గుతుంది అని విన్న వెంటనే మనసు ఒక వ్యాపారం మొదలుపెడుతుంది. ఇటు నుంచి తప్పు, అటు నుంచి పుణ్యం. చెల్లెలి వాటా పొలాన్ని మాయ సంతకంతో తన పేరు మీదికి మార్చుకున్న అన్న ఒకడున్నాడనుకోండి. చేతికి డబ్బొచ్చింది. ఏటా అన్నదానం చేస్తాడు, విహారానికి ఫ్యాన్లు కొనిస్తాడు, బుద్ధ పూర్ణిమకు ముందు వరసలో కూర్చుంటాడు. ఎప్పుడైనా మాటొస్తే, "ఆ సంగతి నేనెప్పుడో మర్చిపోయానమ్మా, నువ్వూ వదిలెయ్" అంటాడు. చెల్లెలు ఏమంటుంది? "నువ్వు మర్చిపోయావు అన్నయ్యా, నేను మాత్రం ఇంకా అద్దె ఇంట్లోనే ఉన్నాను."

ఆ ఒక్క మాటలో సైన్సు మొత్తం ఉంది. అన్న నీళ్లు కలుపుకున్నాడు, తన గ్లాసులో. చెల్లెలి గ్లాసు అలాగే ఉంది. అక్కడ ఒక్క చుక్క కూడా చేరలేదు. మన తప్పు మన మనసులో పలచబడినంత మాత్రాన, దాన్ని భరించిన మనిషి దగ్గర పలచబడదు. లోణఫల సుత్తం చేసినవాడి చిత్తం గురించి చెప్పింది. దెబ్బతిన్నవాళ్లకు మనం తీర్చవలసిన బాకీ రద్దయిందని ఎక్కడా చెప్పలేదు.

పలచబడుతుందిలే అనే ధీమా ఎంత దూరం తీసుకుపోతుందో చూపించిన ఊరు జపాన్‌లో ఉంది, పేరు మినమాటా. అక్కడి రసాయన కర్మాగారం ఒకటి 1932 నుంచి 1968 వరకు పాదరసం కలిసిన మురుగునీటిని సముద్రపు అఖాతంలోకి వదిలింది. అంత సముద్రంలో ఈ కాస్త పాదరసం ఏపాటి? కానీ ఆ విషం నీళ్లలో కలిసి ఊరుకోలేదు. చిన్న జీవుల ఒంట్లో చేరింది. వాటిని తిన్న చేపల్లో ఇంకా గాఢమైంది. ఆ చేపలు తిన్న పిల్లులు గింగిరాలు తిరిగి చచ్చాయి. తర్వాత మత్స్యకారుల కుటుంబాలకు చేతులు వణికాయి, చూపు తగ్గింది, మాట తడబడింది. తల్లి కడుపులో ఉన్న బిడ్డలు కూడా ఆ విషంతోనే పుట్టారు. ఆ జబ్బును అధికారికంగా గుర్తించింది 1956లో. వదిలినవాళ్లకు అది పలచబడిన సంగతి. తిన్నవాళ్లకు అది మళ్లీ చిక్కబడిన సంగతి. మన దుశ్చర్యలు కూడా చాలాసార్లు ఇలాగే ప్రయాణిస్తాయి. ఆఫీసులో పై అధికారి అన్న మాట ఇంట్లో భార్య మీద కోపం అవుతుంది, భార్య నుంచి పిల్లవాడి వీపు మీదికి చేరుతుంది. మాట అన్నవాడు ఎప్పుడో మర్చిపోయి ఉంటాడు. అందరికన్నా చిన్నవాడి దగ్గరే అది అందరికన్నా గాఢంగా ఉంటుంది.

ఇంకో సంగతి గమనించండి. నదులన్నీ రాత్రీపగలూ మంచినీళ్లు తెచ్చి పోస్తున్నా సముద్రం ఎందుకు తియ్యబడదు? ఎండకి నీళ్లు ఆవిరై పోతుంటాయి, ఉప్పు వెనక మిగిలిపోతుంది. నౌపడలోనో చినగంజాంలోనో ఉప్పు మడులు చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మడిలోకి సముద్రపు నీళ్లు పెడతారు, ఎండ నీళ్లను లాగేస్తుంది, కనబడకుండా ఉన్న ఉప్పు తెల్లగా పైకి తేలుతుంది. మనసు కూడా ఒక మడే. మైత్రి, ధ్యానం, దానం అనే నీళ్లు ఒకసారి పోసి ఊరుకుంటే కోపం, అహంకారం, తీరిక లేనితనం వాటిని ఆవిరి చేస్తాయి. ఎప్పుడో కరిగిపోయిందనుకున్న పాత తప్పు ఆసుపత్రి మంచం మీదో, నిద్రపట్టని రాత్రో తెల్లగా పలుకులు కట్టి కనిపిస్తుంది. కొత్తగా వచ్చింది కాదది. లోపలే ఉంది, నీళ్లు తగ్గాయి. ఇక పాత ఉప్పు చాలదన్నట్టు రోజూ కొత్త ఉప్పు వేస్తూ రోజూ కొన్ని నీళ్లు పోసేవాడి లెక్క ఎప్పటికీ తేలదు. రోజుకు 10 గ్రాముల ఉప్పు, రోజుకు గ్లాసుడు నీళ్లు. ఏడాది తిరిగినా గాఢత మొదటి రోజు ఎంతో అంతే.

మరి ఏం చేయాలి? సంయుత్త నికాయంలో శంఖ సుత్తం దీనికి వరుస చెబుతుంది. నాళందలో, పావారికుని మామిడితోటలో, అసిబంధకపుత్తుడనే గ్రామపెద్దతో భగవానుడు మాట్లాడుతున్నాడు. తప్పు చేసినవాడికి ఇక గతి లేదు అని బోధిస్తే, విన్నవాడు నేనూ చేశానే, నాకూ గతి లేదు అనే దృష్టిలోనే ఇరుక్కుపోతాడని మొదట చూపిస్తాడు. తర్వాత తన శ్రావకుడు ఎలా ఆలోచిస్తాడో చెబుతాడు. నేను చేసింది మంచిది కాదు అని శ్రావకుడు ఒప్పుకుంటాడు. ఎంత కుమిలిపోయినా జరిగింది జరగనిది కాదు అని కూడా గుర్తిస్తాడు. అందుకని ఆ పనిని విడిచిపెడతాడు, ముందుకు ఇంక చేయకుండా ఉంటాడు. అప్పుడు, ఆ తర్వాతే, మైత్రితో నిండిన చిత్తాన్ని నాలుగు దిక్కులకూ వ్యాపింపజేస్తాడు, బలవంతుడు ఊదిన శంఖనాదం నాలుగు దిక్కులా వినబడినట్టు. అలా పెరిగిన మనసులో కొలతకు లొంగే కర్మ నిలిచి ఉండదు.

వరుస గుర్తుపెట్టుకోండి. ముందు ఒప్పుకోవడం, తర్వాత ఉప్పు వేయడం ఆపడం, ఆ తర్వాత నీళ్లు పెంచడం. మనం మొదటి రెండూ దాటేసి మూడో మెట్టు మీద కూర్చుందామని చూస్తాం. కళ్లు మూసుకుని "సమస్త జీవులూ సుఖంగా ఉండాలి" అనుకోవడం తేలిక. సమస్త జీవుల్లో ఫలానా చెల్లెలు, ఫలానా పనిమనిషి, ఫలానా కూలివాడు ఉన్నారని గుర్తొచ్చినప్పుడు కదా అసలు పరీక్ష! మైత్రీ భావన నిజంగా విశాలమైతే అది వాళ్ల ఇంటి గుమ్మం దాకా వెళ్లాలి. పొలం తిరిగి ఇవ్వగలిగితే ఇవ్వాలి. ఎగ్గొట్టిన కూలి డబ్బు లెక్క చూసి కట్టాలి. ఇవ్వడానికి ఏమీ లేకపోతే తప్పు నాదే అన్న మాటైనా, సాకులు జోడించకుండా, ఇవ్వాలి. వాళ్లు క్షమిస్తారా లేదా అన్నది వాళ్ల ఇష్టం, మనం అడిగి తీసుకునే రసీదు కాదది.

ఇదంతా చేసినా కొంత ఉప్పు నాలుకకు తగులుతుంది. దానికి సిద్ధపడాలి. అంగులిమాలుడి కన్నా పెద్ద మార్పు ఏముంది? అన్ని ప్రాణాలు తీసినవాడు అర్హంతుడయ్యాడు. అయినా భిక్షకు శ్రావస్తి వీధుల్లోకి వెళితే మట్టిబెడ్డలు, కర్రలు, రాళ్లు వచ్చి తగిలాయి. తల పగిలి రక్తం కారుతూ, భిక్షాపాత్ర ముక్కలై, చీవరం చిరిగి భగవానుడి దగ్గరికి తిరిగొచ్చాడు. నువ్వు అర్హంతుడివి, నిన్ను కొట్టడం తప్పు అని భగవానుడు అనలేదు. ఓర్చుకోమన్నాడు. ఎన్నో ఏళ్లు నరకంలో అనుభవించవలసినదాన్ని ఇప్పుడిక్కడే అనుభవిస్తున్నావన్నాడు. ఆ మనసు గంగే. గంగ ఉప్పనవలేదు. కానీ గడ్డ పడ్డచోట కాసేపు ఆ రుచి తెలిసింది. రాళ్లు వేసిన వీధుల్లో అతని చేతిలో పోయినవాళ్ల బంధువులు లేరని ఎవరు చెప్పగలరు? అతను వాళ్ల మీద కోపం తెచ్చుకోకపోవడమే నీళ్లు ఎంత పెరిగాయో చెప్పే గుర్తు.

కాబట్టి మిత్రులారా, పాత తప్పు ఒకటి మిమ్మల్ని రాత్రిళ్లు తింటుంటే, మీరు చిన్న గ్లాసుగానే మిగిలిపోవాలన్న రాత ఏదీ లేదు. నీళ్లు పెంచుకోవచ్చు. ఈ రోజే మొదలుపెట్టవచ్చు, ఎవరైనా, ఏ వాడవాళ్లైనా. ఒకవేళ ఏ తప్పూ మిమ్మల్ని తినడం లేదు, అంతా కరిగిపోయింది అనిపిస్తుంటే, ఒక్కసారి ఆగి ఇంకో ప్రశ్న వేసుకోండి: నేను వేసిన ఉప్పును ఈ పూట ఎవరు తాగుతున్నారు? ఒక పేరు గుర్తొస్తే ధ్యానానికి కూర్చునే ముందు వాళ్లకు కబురు పెట్టండి.